తప్పు దొప్ప

భోపాల్‌పట్నం దగ్గర, మన ఊరు
9 మార్చి 2025

బిడ్డా దుర్గా,

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నది అవతల తెలుగు బడిలో నాలుగో తరగతితోనే మరిచిపోయాను. తప్పులుంటే మనసులో దిద్దుకుని చదువుకో, నవ్వకు. ఫోనులో చెబుదామంటే సిగ్నల్ కోసం సంత దుకాణం ముందు నిలబడి అరవాలి. ఇవి అరిచే మాటలు కావు. అందుకే రాసి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

ఇప్పపువ్వు రాలుతోంది. మీ పెద్దమ్మ లక్కే తెల్లవారక ముందే బుట్ట పట్టుకుని పోతోంది. ఎలుగుబంటి వస్తుందే అంటే, "వస్తే నీ మొగం జూపిస్త, అదే ఉరుకుతది" అంటుంది. మోకాలు మాత్రం వాచింది.

అసలు సంగతి. మన వంశపామె కోసే ఉంది కదా, ఆమె బిడ్డ సన్నే శివరాత్రికి వచ్చింది. మీరిద్దరూ ఒకే చింతపండు కార్ఖానాలో ఉంటారు కదా, నీ కబురు అడిగాను. నువ్వు మేనేజరు శేషగిరిరావు మీద కాగితం పెట్టావంది. ఎందుకే అంటే తల దించుకుంది. ఊళ్ళో వేరే అనుకుంటున్నారు. తూకం దగ్గర పోట్లాట అయిందట, నువ్వు ఆయనను తిట్టావట. ఆయన మన చింతపండు కొనే మనిషి. తిట్టి ఉంటే ఒక మాట తగ్గు.

పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు అన్నం సగంలో వదిలేసి లేచావు. ఏందే అంటే ఊరికెనే అన్నావు. అది ఇదేనా?

అమ్మానాన్న లేని పిల్లవు. జాగ్రత్త.

నీ పెదనాయన
పొజ్జా

*

జగదల్‌పూర్
17 మార్చి 2025

పెదనాయనకు,

నువ్వు ఇసుకలో దిద్దించిన అక్షరాలే ఇవి. బడిలో చదివింది హిందీ కాబట్టి నా తెలుగులోనూ తప్పులుంటాయి. ఇద్దరికీ సరిపోయింది.

నేను ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తూకం చూసే పని నాది. శేషగిరిరావు దీపావళి తరువాత నుంచి, పండు తడిగా ఉందో లేదో చూడాలని నన్ను వెనక గోదాంలోకి పిలవడం మొదలుపెట్టాడు. ముందు మాటలు. "అడివి పిల్లలు గట్టిగుంటరు" అనేవాడు. తరువాత చేతులు. ఫిబ్రవరిలో తలుపు వేశాడు. బస్తాల వెనక సన్నే పిక్కలు ఏరుతోందని వాడికి తెలియదు. అది దగ్గింది. వాడు వదిలాడు. "నౌకరీ పక్కా కావాలంటే నోరు మూసుకో" అని వెళ్ళిపోయాడు. ఇంతకన్నా నీకు రాయలేను. నువ్వు ఇంతకన్నా చదవలేవు.

దీన్ని లైంగిక వేధింపు అంటారు. పని చేసే చోట ఇలా జరిగితే దానికి ఒక చట్టం ఉంది. చేయి వేయడమే కాదు, అలాంటి మాట అనడం, నౌకరీ ఆశ చూపి అడగడం, అడిగి బెదిరించడం, అన్నీ అందులోకే వస్తాయి. కార్ఖానా గోడ మీద హిందీలో బోర్డు కూడా ఉంది. దాని మీద చీపుర్లు వేలాడదీశారు. వాటిని తీసి చదివాను.

పదిమంది పనిచేసే ప్రతి చోటా లోపల ఒక కమిటీ ఉండాలి. దానికి ఆడమనిషే పెద్ద. మాకు అకౌంట్సు చూసే సుధామణి మేడం. ఆమెకు రాసిచ్చాను. విచారణ అయ్యేదాకా జీతంతో సెలవు అడిగాను, ఇచ్చారు.

ఒకటే మాట. ఎవరికీ చెప్పకు. నా పేరు, ఈ సంగతి బయట పెట్టకూడదని చట్టంలోనే ఉంది.

పెద్దమ్మ మోకాలికి ఆముదం కాచి రాయి.

దుర్గ

*

మన ఊరు
26 మార్చి 2025

బిడ్డా,

నీ ఉత్తరం మడిచి ధాన్యపు గాదెలో పెట్టాను. రెండు రోజులు తియ్యలేదు. ఆ పదం నేను రాయలేను. ఆ సంగతి అనే రాస్తాను.

నేను గొడ్డలి పట్టే వయసులో లేను. ఉన్నా పట్టేవాణ్ణి కానేమో. చిన్నప్పటి నుంచి నలుగురిలో నా గొంతు లేవదు. మీ నాన్న అలా కాదు.

నాకు తెలియక అడుగుతున్నాను. ఆ కమిటీలో మన పెద్దలెవరైనా ఉన్నారా? వాళ్ళు ఎవరి ఇంట్లో కూచుంటారు? తప్పు చేసినవాడు ఎవరిని పంపాడు? మన దగ్గరయితే వాడి తరఫు పెద్ద ముందు వస్తాడు. గడప బయట నిలబడతాడు. తప్పు ఒప్పుకుంటే, చేసినవాడు కల్లు ఆకు దొప్పలో పోసి ఇస్తాడు, అదే తప్పు దొప్ప. ఇంటి పెద్ద తాగితే అయిపోయినట్టు. తాగకపోతే కూడా ఒక లెక్క. అక్కడ ఎలా?

కోపం చేసుకోకు. లక్కేకు చెప్పాను. చెప్పకుండా ఎలా, పక్కన పడుకునే మనిషి. వాడి వంశాన్నంతా తిట్టి, బుట్ట పట్టుకుని పువ్వుకు పోయింది. బాబూరావుకు చెప్పాను. ఊరి పెద్ద కాబట్టి ఆయన బయటివాడు కాదు. "పోలీస్ ఠాణా దాంక పోనీకు, నేను జూస్త" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది.

మన నల్ల కుక్క ఈనింది. ఒకటే బతికింది.

పెదనాయన పొజ్జా

*

జగదల్‌పూర్
4 ఏప్రిల్ 2025

పెదనాయనా,

ఎవరికీ చెప్పవద్దంటే ఊరి పెద్దకు చెప్పావు. బాబూరావు చెవిలో పడితే శేషగిరిరావు చెవిలో పడినట్టే. సంతలో ఈయన తిరిగేది వాడి జీపులోనే కదా.

సరే, అడిగావు కాబట్టి రాస్తాను. మెల్లగా చదువు, అర్థం కాకపోతే మళ్ళీ చదువు.

ఇది మన పంచాయితీ కాదు. ఇక్కడ దెబ్బ తిన్నది ఇల్లు కాదు, నేను. ఫిర్యాదు నాది. చివరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లో రాసివ్వాలి. ఆలస్యానికి సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వవచ్చు. రాయడం రాని మనిషయితే రాయడానికి వాళ్ళే సాయం చేయాలి. వాళ్ళు నన్ను అడుగుతారు, వాడిని అడుగుతారు, సాక్షులను అడుగుతారు. తొంభై రోజుల్లో తేల్చాలి.

రాజీ అనేది చట్టంలో ఉంది. కానీ నేను కోరితేనే. ఇంకెవరు కోరినా చెల్లదు. డబ్బు తీసుకుని చేసుకునే రాజీ అసలే కుదరదు. నేను కోరలేదు, కోరను. ఎవరైనా మన గడపలోకి వస్తే, "బిడ్డనడుగుండ్రి" అని ఒక్క మాట అను. అంతకన్నా నీ గొంతు లేవనక్కర లేదు.

నా మాటకు సాక్షి సన్నే ఒక్కతే. భయపడుతోంది, అయినా చెబుతానంది. "అక్కా, కండ్లతోని జూసిన, ఎందుకు జెప్ప?" అంది. దాన్ని వెనక్కి లాగవద్దని కోసేకు చెప్పు. మగదిక్కు లేని ఇల్లు, మన వంశమే, నీ మాట వింటుంది. ఈ ఒక్క పని చెయ్యి.

కుక్కపిల్లకు నా పేరు పెట్టకు. పెడతావని తెలుసు.

దుర్గ

*

మన ఊరు
22 ఏప్రిల్ 2025

బిడ్డా దుర్గా,

ఈసారి నా రాత కొంచెం బాగుంటుంది. మనసు తేలికగా ఉంది.

నిన్న శేషగిరిరావు మన ఇంటికి వచ్చాడు. బాబూరావు తీసుకొచ్చాడు. నేను కంచె కడుతున్నాను. జీపు దిగి గడప బయటే నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. అంత పెద్ద మనిషి నా కాళ్ళు ముట్టాడు. "మామా, తప్పయింది. మనసుల వెట్టుకోకు" అన్నాడు. ఊరంతా చూసింది. లక్కే లోపలి నుంచి, "కాళ్ళు ముట్టినంక చేతులు గడుక్కోమను, మల్ల ఏడ పెడ్తడో" అని గట్టిగానే అంది. ఎవరూ నవ్వలేదు. వాడు కూడా విననట్టే ఉన్నాడు.

నువ్వు చెప్పమన్న మాట నాకు గుర్తుంది. బిడ్డనడుగుండ్రి అనాలి. నోటి దాకా వచ్చింది. అంతమంది నన్నే చూస్తున్నారు. అంతలో వాడు జీలుగు కల్లు దొప్పలో పోసి రెండు చేతులతో పట్టాడు. బాబూరావు, "ఏంది పొజ్జా, ఎంతసేపు నిలవెడ్తవ్?" అన్నాడు. తాగాను.

తాగాక ఆలోచిస్తే మంచిదే అయిందనిపించింది. తప్పు చేయనివాడు తప్పు దొప్ప పోయడు కదా. అంటే ఊరందరి ముందు ఒప్పుకున్నట్టే. కమిటీకి ఇదే చెప్పు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సన్నే చూసింది ఒక్కతే, ఇది ఊరంతా చూసింది. డ్రైవరు ఫోటో కూడా తీశాడు. నేను నవ్వానట.

వెళ్ళేముందు బాబూరావు ఎప్పటిలాగే, దొప్ప తాగాక ఇక ఈ సంగతి మన వంశం మనుషులెవరూ ఎత్తకూడదని చెప్పాడు. కోసే కూడా అక్కడే ఉంది, సరే అంది. నువ్వు కోసేకు చెప్పమన్న మాట విడిగా చెప్పే పని లేకపోయింది.

ఇక నిద్ర పో బిడ్డా. నేను కూడా పోతాను.

పెదనాయన

*

జగదల్‌పూర్
15 మే 2025

పెదనాయనా,

విచారణ అయిపోయింది.

శేషగిరిరావు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. తూకంలో తప్పు పట్టానని పిల్ల కోపం పెట్టుకుంది, అంతే అన్నాడు. "వాళ్ళింటికి మాకు బంధుత్వం లెక్క మేడం" అని ఫోను తీసి చూపించాడు. నువ్వు నవ్వుతున్నావు. చేతిలో దొప్ప ఉంది. వాడి చేయి నీ భుజం మీద ఉంది. ఆ చేయి.

తప్పు ఒప్పుకుంటేనే దొప్ప పోస్తారని నేను చెప్పాను. సుధామణి మేడం వాడిని అడిగింది. "పండుగకు పోతే కల్లు పోసిన్రు, తాగినం. అదేం ఆచారమో నాకేం తెలుసు?" అన్నాడు. బయటి నుంచి వచ్చిన కమిటీ మెంబరు, ఆచారం సాక్ష్యం కాదు అని రాసుకుంది.

సన్నేను పిలిచారు. గోదాంలో ఏం చూశావు అని అడిగారు. నేల చూసింది. మళ్ళీ అడిగారు. "నాకేం ఎర్క లేదు" అంది. నా వైపు చూడలేదు.

బయట కుళాయి దగ్గర పట్టుకుని అడిగాను. ఏడ్చింది. "దొప్ప దాగినంక ఆ మాట ఎత్తితే మా అమ్మను బోరింగు ముట్టనియ్యరక్కా. పెద్దయ్యే దాగిండు గద. ఇగ నేనెట్ల జెప్పాలె?" అంది.

ఆ దొప్ప తాగి నువ్వు మూసింది నా నోరు కాదు, దాని నోరు.

రాజీ నేను కోరలేదని అరిచాను. సుధామణి మేడం మెత్తగా అంది: "మేం రాజీ అని ఎక్కడ రాశామమ్మా? నిరూపణ కాలేదని రాశాం." ఆమె అబద్ధం చెప్పలేదు. అలాగే రాసింది. "అబద్ధపు ఫిర్యాదు అని రాయలేదు, సంతోషించు" అని కూడా అంది. నిరూపించలేకపోతే అబద్ధమైనట్టు కాదని అదే చట్టంలో ఉంది. ఆమె నాకు దానం చేసినట్టు చెప్పింది.

సోమవారం నుంచి నేను పనిలోకి వెళ్ళాలి. ఆ గోదాంలోకే.

అప్పీలు చేసుకోవడానికి తొంభై రోజులున్నాయి. ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే వకీలు ఉంటారు, మాట్లాడాను. దొప్ప పోస్తూ వాడేమన్నాడో విన్న మనిషి వచ్చి చెబితే దారి ఉంటుందన్నారు. ఊళ్ళో ఎవరూ చెప్పరు. నువ్వు రా. "తప్పయింది అన్నడు" అని చెప్పు, చాలు. హిందీ రాకపోతే నేను చెబుతాను.

దుర్గ

*

మన ఊరు
20 జూన్ 2025

బిడ్డా,

వానలు ముందే పట్టుకున్నాయి. రోడ్డు తెగింది. బస్సు రావడం లేదు. లేకపోతే వచ్చేవాణ్ణి.

రోడ్డు తెగలేదు. ఈ ఉత్తరం బస్సులోనే వస్తోంది, నీకు తెలిసిపోతుంది. రాసింది కొట్టేయడం నాకు ఇష్టం లేదు, ఉండనీ.

బాబూరావును అడిగాను. దొప్ప వెనక్కి ఇచ్చేస్తే ఏమవుతుందని. ఆయన నవ్వాడు. "తాగింది కక్కుతవా పొజ్జా?" అన్నాడు. తరువాత నవ్వలేదు. ఇచ్చేస్తే మన గడప ఎవరూ తొక్కరన్నాడు. మన చింతపండు సంతలో ఎవరూ దించుకోరు. లక్కే మంచం పట్టింది, మోకాలు కాదు, ఊపిరి. రేపు ఏమైనా అయితే మోయడానికి నలుగురు కావాలి. నేనొక్కణ్ణి మోయలేను.

ఇంకొకటి. శేషగిరిరావు తప్పయింది అన్నాడు. ఏ తప్పో అనలేదు. నేను అడగలేదు. అక్కడ వకీలు అడిగితే ఏం చెప్పాలి? అంతమందిలో నాకు గొంతు లేవదని నీకు తెలుసు.

ఆ పని మానేసి ఇంటికి రా. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. దొప్ప అయిపోయింది కాబట్టి.

పొజ్జా

*

జగదల్‌పూర్
2 జూలై 2025

పెదనాయనా,

పని మానేశాను. నువ్వు చెప్పినందుకు కాదు. మళ్ళీ పండు తడి చూడడానికి పిలిచాడు. ఈసారి తలుపు వేయలేదు. వేసే అవసరం లేదన్నాడు.

ఇక్కడ ఒక బట్టల దుకాణంలో చేరాను. ఎక్కడో రాయను, నువ్వు బాబూరావుకు చెబుతావు.

అప్పీలు గడువు ఆగస్టు రెండో వారంతో ముగుస్తుంది. నువ్వు రావు.

శేషగిరిరావు ఆ ఫోటో కార్ఖానాలో అందరికీ పంపాడు. నాకూ వచ్చింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషివి. వెతికి చూస్తే నా దగ్గర నీ ఫోటో అదొక్కటే ఉంది.

ఇక రాయను.

దుర్గ

*

మన ఊరు
31 ఆగస్టు 2025

బిడ్డా,

నువ్వు రాయనన్నావు. నేను రాయనని అనలేదు.

లక్కే లేచింది. గంజి తాగుతోంది. నాతో మాట్లాడటం మానేసింది. చెప్పాల్సింది కుక్కపిల్లకు చెబుతుంది. "ఓ దుర్గా, ముసలోనికి అన్నం వెట్టిన, తినమను" అంటుంది. పేరు నేను పెట్టలేదు, ఆమె పెట్టింది.

నీ పాత గదికే పంపుతున్నాను. ఎవరైనా అందిస్తారని.

పొజ్జా

*

మన ఊరు
24 సెప్టెంబర్ 2025

బిడ్డా దుర్గా,

రాత ఇంకా పాడయింది. పోయిన ఉత్తరానికి జవాబు లేదు. అడగడానికి నాకు మొగం లేదు. ఇది నా కోసం కాదు.

సన్నే వచ్చింది. తూకం దగ్గర నీ కుర్చీ దానికిచ్చారు. కోసే ఊరంతా చెప్పుకుంది, బిడ్డ పెద్ద నౌకరీ ఎక్కిందని. నిన్న కోసే మమ్మల్ని భోజనానికి పిలిచింది. సన్నే అన్నం సగంలో వదిలేసి లేచింది. ఏందే అని వాళ్ళమ్మ అంది. ఊరికెనే అంది.

నేనూ చేయి కడుక్కున్నాను.

సాయంత్రం అదే మన పెరట్లోకి వచ్చింది. కంచె పట్టుకుని నిలబడింది. తరువాత అడిగింది: "పెద్దయ్యా, దుర్గక్కకు మూడు నెలలన్నరట గద. ఆ లెక్క ఎప్పట్నించి?"

ఎందుకే అని అడగలేదు. గాదెలో నుంచి నీ ఏప్రిల్ ఉత్తరం తీశాను. చదివి వినిపించాను. చివరిసారి జరిగిన రోజు నుంచి అని రాశావు. రాయడం రాని మనిషికి వాళ్ళే రాసివ్వాలని రాశావు. మళ్ళీ చదవమంది. చదివాను. "సాక్షి ఎవలుంటరు? గోదాంల బస్తాల ఎనుక ఎవలు లేరు. నేనే ఉండేదాన్ని" అంది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. లక్కేకు కూడా. కోసేకు కూడా.

కానీ బాబూరావు తిరిగే జీపు పొద్దున కోసే ఇంటి ముందు ఆగింది. అంటే వాళ్ళకు అనుమానం వచ్చింది. కోసే ఇంట్లో మగవాళ్ళు లేరు. వంశంలో మిగిలిన పెద్దను నేనే. దొప్ప పోస్తే నాకే పోస్తారు. వచ్చే సంత రోజు వస్తారని అంటున్నారు.

బిడ్డనడుగుండ్రి. ఆ మాట ఎవరూ లేనప్పుడు పెరట్లో అని చూశాను. కంచె వైపు తిరిగి అన్నాను. వచ్చింది. మనుషుల ముందు వస్తుందో రాదో తెలియదు. ఒకసారి రాలేదు.

నన్ను క్షమించనక్కర లేదు. దానికి చెప్పు. ఎవరి దగ్గరికి పోవాలో, ఏం రాయాలో, నీ వకీలు ఎక్కడుంటాడో దానికి చెప్పు. కాగితం సన్నే పేరు మీదే పంపు, నా పేరు మీద వద్దు. త్వరగా రాయి బిడ్డా. గడువు నడుస్తోంది, సంత అంతకన్నా ముందే వస్తుంది.

పొజ్జా